అరువు కోటులో పెద్దమనుషులు

(మన సంఘం స్వర్ణోత్సవ సభల్లో రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగం. తడబాట్లు తీసేసి, ఆ రోజు తొందరలో వదిలేసిన కొన్ని వివరాలు చేర్చి రాసి ఇస్తున్నాను.)

 

కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "నువ్వు ఇరిగేషన్ ఇంజనీరువి కదా, వెలిగొండ గురించి మాట్లాడు" అన్నాడు. మార్కాపురంలో వెలిగొండ గురించి మాట్లాడ్డానికి ఇంజనీరు దేనికి? బస్టాండు దగ్గర టీ తాగుతున్న మనిషిని ఎవర్నడిగినా నాకంటే బాగా చెప్తాడు. నేను పాత ఫొటోల గురించి మాట్లాడతానన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "సరే, ఇరవై నిమిషాలే" అన్నాడు. గడియారం ఎదురుగానే ఉంది, చూసుకుంటూనే ఉంటాను.

నేను పోగుచేసేది ఒకే రకం ఫొటోలు. పాతకాలం మగవాళ్ళు స్టూడియోలో దిగిన ఒంటరి ఫొటోలు. కోటు, తలపాగా లేదా ఉత్తరీయం, పక్కన చిన్న బల్ల, బల్ల మీద పూలకూజా, చేతిలో ఒక పుస్తకమో కర్రో, వెనకాల తోటో మేడమెట్లో గీసిన తెర. మీ అందరి ఇళ్ళలో గుమ్మం పైన వాలుగా వేలాడదీసి ఉండేవే. మా ఇంట్లో మా ఆవిడ వీటికి పెట్టిన పేరు 'నీ పెద్దమనుషులు'. ఇప్పటికి నాలుగు వందల పన్నెండు ఉన్నాయి. కొన్ని అసలు కార్డులు, ఎక్కువ భాగం నేను స్కాన్ చేసుకున్నవి. పేరు తెలిసినవి నూట అరవై ఏడు. మిగతా రెండు వందల నలభై అయిదు మంది ఎవరో నాకు తెలియదు. ఇవాళ నేను ఇక్కడ నిలబడ్డది ఆ రెండు వందల నలభై అయిదు మంది తరఫున.

మొదలు చెప్తాను. ఉద్యోగం మొదట్లో హైదరాబాదులో ఉన్నప్పుడు ఆదివారాలు ఆబిడ్స్‌కి పోయేవాణ్ణి. షాపులన్నీ మూసేసి ఉంటే ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరిచేవాళ్ళు. ఒక ఆదివారం క్లార్క్స్ టేబుల్స్ పాత ప్రతి ఒకటి కొన్నాను. గదికి వచ్చి తెరిస్తే లాగరిథమ్ పేజీల మధ్య అట్ట మీద అంటించిన ఫొటో ఉంది. నల్ల కోటు, తెల్ల తలపాగా, మీసం, కళ్ళు మాత్రం ఎవరో పిలిస్తే అటు చూసినట్టు పక్కకు తిరిగి ఉన్నాయి. వెనక పెన్సిల్‌తో రెండే మాటలు: "నాయనగారు. కంభం."

ఎవరి నాయనగారు? కంభంలో అందరికీ నాయనలు ఉంటారు. ఆ రెండు మాటలు రాసిన కొడుక్కి అంతకు మించి రాయాల్సిన అవసరం కనపడలేదు, అంతే. మన ఇళ్ళలో ఫొటో వెనక పేరు రాసే అలవాటు లేదు. ఎప్పుడైనా రాస్తే 'తాతయ్య', 'పెదనాన్న' అని రాస్తాం. రాసినవాడు ఉన్నంతకాలం అది సరిపోతుంది. వాడూ పటమై గోడెక్కాక ఆ మాటకు అర్థం చెప్పేవాడు ఉండడు. ఇంకో చిక్కు ఆడవాళ్ళతో. పెద్దావిడను పట్టుకుని "అవ్వా, తాత పేరేంది?" అంటే మొగుడి పేరు నోటితో చెప్పదు. తర్లుపాడు దగ్గర ఒక అవ్వ "ఏడుకొండలవాడి పేరే నాయనా" అంది. వెంకటేశ్వర్లని రాసుకున్నాను. తీరా మనవడు వచ్చి "కాదు సార్, శ్రీనివాసులు" అన్నాడు. ఆ దేవుడికి అన్ని పేర్లుండటం వల్ల నా రికార్డులో కొట్టివేతలు చాలా ఉన్నాయి.

ఆ కంభం నాయనగారు ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన కోసం కంభం నాలుగుసార్లు పోయాను. చెరువు కట్ట మీద కూర్చుని పెద్దవాళ్ళకు చూపించాను. ముగ్గురు ముగ్గురి పేర్లు చెప్పారు. ఆయన పేరు దొరకలేదు కానీ, ఆయన కోసం తిరిగిన తిరుగుడులో మిగతావాళ్ళందరూ దొరికారు.

సైన్సు సార్ ముందు వరసలో ఉన్నారు కనక, ఫొటో వయసు ఎట్లా కడతారో కాస్త చెప్తాను. పేరు తెలియని మనిషిని పట్టుకోవాలంటే ముందు కాలం తెలియాలి.

మొదట సైజు. పారిస్‌లో దిస్దేరి అనే ఆయన 1854లో ఒకే గాజు పలక మీద ఎన్నో చిన్న ఫొటోలు తీసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. రెండున్నర అంగుళాలు, నాలుగు అంగుళాల చిన్న అట్ట. మనం విజిటింగ్ కార్డు అంటామే, ఆ పేరే దానికీ. 1866 ప్రాంతంలో దానికంటే పెద్దది, నాలుగుంబావు బై ఆరున్నర, కేబినెట్ కార్డు వచ్చింది. మన ప్రాంతంలో దొరికే పాత అట్టల్లో ఎక్కువ ఈ కొలతవే. ఆ తర్వాతవి ఫుల్ ప్లేటు, హాఫ్ ప్లేటు, పోస్టుకార్డు సైజు. రెండోది కాగితం. కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం అయితే చాలా పలచన. అట్టకు అంటించకపోతే చుట్టుకుపోతుంది. రంగు ఎండుటాకులా పచ్చబారుతుంది. జిలెటిన్ కాగితం తర్వాత కాలానిది. దాన్ని ఏటవాలుగా పట్టుకుని వెలుతుర్లో చూస్తే నల్లగా ఉన్నచోట అంచుల్లో వెండి తళుకు కనిపిస్తుంది. అది నిజంగా వెండే. ఫొటోలోని నలుపంతా వెండి రేణువులే, కాలం గడిచేకొద్దీ పైకి తేలుతుంది. మూడోది ఒంటి మీదవి. జేబు గడియారం గొలుసు ఉందా, చేతి గడియారం ఉందా? మగవాళ్ళకు చేతి గడియారం వాడుకలోకి వచ్చింది మొదటి ప్రపంచయుద్ధం తర్వాత. గాంధీ టోపీ ఉంటే 1920కి ఇవతల.

ఇవన్నీ ఇంగ్లీషు పుస్తకాల్లో ఉంటాయి. పుస్తకాల్లో లేనిది, మన ప్రాంతానికి మాత్రమే పనికొచ్చేది ఒకటుంది. స్టూడియో రబ్బరు ముద్ర. ముద్రలో 'కర్నూలు జిల్లా' అని ఉంటే ఆ ఫొటో 1970కి ముందుది. ఎందుకంటే మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి విడిపోయి కొత్త జిల్లాలో కలిసింది 1970 ఫిబ్రవరిలో. మొదట అది ఒంగోలు జిల్లా. ప్రకాశం పంతులుగారి పేరు 1972లో పెట్టారు. పిన్ కోడు ఉంటే 1972 ఆగస్టు తర్వాతది. వెల అణాల్లో ఉంటే 1957కు ముందుది. ముద్రలు తయారుచేసేవాడు బద్ధకిస్తేనో, పాత ముద్ర అరిగేదాకా వాడితేనో ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ అవుతుంది.

ఇంకొకటి పటం వెనక. మన దగ్గర పటం కట్టేవాళ్ళు ఫొటోకీ వెనక చెక్కకీ మధ్య పాత పేపరు మడిచి పెడతారు. మెల్లగా మేకులు ఊడదీస్తే ఆంధ్రపత్రిక ముక్క బయటపడుతుంది. దాని మీద తేదీ ఉంటే, పటం కట్టింది ఆ తేదీకి ముందు మాత్రం కాదు. ఒక్కోసారి నేను ఫొటో పక్కన పెట్టి ఆ పేపరు చదువుతూ కూర్చుంటాను. మా ఆవిడకు కోపం వచ్చేది అక్కడే.

ఫొటోగ్రాఫర్లలో నాకు ఇష్టమైనవాడు రాజా దీనదయాళ్. ఆయన గొప్పతనం అందరూ చెప్పేదే. నా ఇష్టానికి కారణం వేరు. ఆయన మా జాతివాడు. రూర్కీ థామసన్ కాలేజీలో సివిల్ ఇంజనీరింగు చదివి, 1866లో ఇండోరులో పి.డబ్ల్యు.డి. ఉద్యోగంలో చేరాడు. ఎస్టిమేట్లు వేయడం, డ్రాయింగులు గీయడం ఆయన పని. కెమెరా తర్వాత పట్టాడు. ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫరై, సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, నవాబులను, దొరలను తీశాడు. పరదా పాటించే ఆడవాళ్ళ కోసం హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో నడిపాడు. 1905లో పోయాడు. ఆయన గాజు పలకలు రెండు వేల ఎనిమిది వందలకు పైగా ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి.

గాజు పలకలు అంటే మీకు నవ్వు రావాలి. మనది పలకల ఊరు. దేశమంతా పిల్లలు అ ఆలు దిద్దింది మన రాయి మీద. ఫొటోకు కూడా మూలం పలకే, కాకపోతే గాజుది. మన రాతి పలక మీద రాసింది తుడిస్తే పోతుంది. గాజు పలక మీది బొమ్మా అంతే. మన చిన్న ఊళ్ళ స్టూడియోల్లో పలకలు పేరుకుపోతే వేడినీళ్ళలో వేసి గీకి, శుభ్రంగా తుడిచి, పటాలకు అద్దాలుగా వేసేవాళ్ళు. గిద్దలూరులో ఒక ముసలాయన తన చేతులతోనే గీకానని చెప్పాడు. "ఎంతమందిని గీకినారు?" అంటే లెక్క లేదన్నాడు. ఒకరి ముఖం మీది అద్దం, అంతకుముందు ఇంకొకరి ముఖమే.

ఇప్పుడు కోటు సంగతి.

మార్కాపురంలో ఒకప్పుడు నడిచిన స్టూడియో ఒకటి ఎప్పుడో మూతపడింది. పేరు చెప్పను, వాళ్ళ పిల్లలకు ఇష్టం లేదు. ఆ ఫొటోగ్రాఫర్ మనవడు నాకు రెండేళ్ళు జూనియరు, మన బడే. ఇల్లు పడగొట్టి కడుతూ అటక మీది రేకుపెట్టె ఒకటి నాకు ఫోన్ చేసి ఇచ్చాడు. దానిలో ఒక గోతాం సంచి, సంచిలో కవర్లు. కవర్ల మీద అంకెలు, పక్కన 'బాకీ' అని. అంటే ఫొటో దిగి, అడ్వాన్సు ఇచ్చి, మిగతా డబ్బు కట్టలేక మళ్ళీ రానివాళ్ళవి. ఆయన చింపి పారేయలేదు. ఎప్పటికైనా వస్తారని దాచాడో, బాకీ గుర్తుకని దాచాడో తెలియదు. ముప్పై ఒక్క మంది మగవాళ్ళు ఉన్నారు.

నేను వాటిని వరసగా బల్ల మీద పరిచి చూస్తుంటే ఒక సంగతి కనపడింది. ముప్పై ఒక్క మందిలో తొమ్మిది మందికి ఒకటే కోటు. ఒకే రకం కోటు కాదు, అదే కోటు. ఎడమ జేబు దగ్గర రఫ్ఫు చేసిన గీత అన్నింటిలో ఉంది. లావుపాటి మనిషికి గుండీలు పట్టక బిగుతుగా, బక్క మనిషికి భుజాలు జారి. స్టూడియోవాళ్ళే పెట్టుకున్న కోటు అది. వచ్చినవాళ్ళకు తొడిగి, ఫొటో అయ్యాక విప్పి మేకుకు తగిలించేవాళ్ళు. తొమ్మిది మందిలో ఇద్దరికి అన్ని గుండీలు ఉన్నాయి. నలుగురికి పైనుంచి రెండోది లేదు. ముగ్గురికి ఆ చోట వేరే రంగు గుండీ ఉంది. నేను ఇంజనీరును కనక వెంటనే మూడు వరసలు చేశాను. ముందు వరస, మధ్య వరస, చివరి వరస. ఆ గుండీయే నాకు కేలెండరు. మధ్య వరసలో ఒక కవరు మీద 1949 అని ఉంది.

ఆ పెట్టె నాకు వేరే కారణంతో ముఖ్యం. మా తాత పలకల గనిలో కూలి. రాయి పొరలు చీల్చే పని. ఆయన ఫొటో మా ఇంట్లో లేదు. మా నాయన చెప్పేవాడు: "మా నాయన ఒకసారి ఫొటో దిగినాడు. నాకప్పుడు పదేళ్ళు ఉంటాయేమో. తెచ్చుకోడానికి డబ్బులు చాలలేదు, మళ్ళా పోలేదు." ఎందుకు దిగాడో నాయనకు తెలియదు. గనిలో మనిషికి ఫొటో ఎందుకు అని అవ్వ తిట్టిందట, అంతవరకే గుర్తు.

నాయన 1940లో పుట్టాడు. పదేళ్ళంటే 1950. మధ్య వరసలో నలుగురు.

ఆ నలుగురిలో ముగ్గురు మా వాళ్ళెవరిలాగా లేరు. నాలుగో ఆయన కవరు మీద 'బాకీ 2-8-0' అని ఉంది. రెండు రూపాయల ఎనిమిది అణాలు. కోటు భుజాల దగ్గర జారింది. కుడిచెయ్యి బల్ల మీద పెట్టమన్నారు కాబోలు, పెట్టాడు. ఆ చేతి వేళ్ళు మాత్రం కోటు వేసుకునే మనిషివి కావు. గోళ్ళు అరిగి, కణుపులు ఉబ్బి ఉన్నాయి. పుస్తకం మరో చేతిలో తలకిందులుగా ఉంది.

నాయన అప్పటికే పోయాడు. మా మేనత్త ఉంది, ఎనభై దాటింది, ఒక కంటికి శుక్లాలు. పెద్దది చేయించి తీసుకుపోయి చేతికిచ్చాను, ఏమీ చెప్పకుండా. చాలాసేపు దగ్గరగా పెట్టుకుని చూసింది. "చెవులు మా నాయనవేరా," అంది. మళ్ళీ చూసి, "కోటు ఎవరిది?" అంది. నేను కథంతా చెప్పాను. ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. పొద్దున్నే లేపి, "కాదురా. మా నాయన అట్లా భయపడి చూడడు" అంది. మధ్యాహ్నం అన్నం పెడుతూ, "ఏమో, అక్కడ అందరూ అట్లాగే చూస్తారేమో" అంది. ఆమె కూడా పోయి ఆరేళ్ళయింది.

ఆ ఫొటో నా రిజిస్టరులో 208వ నంబరు. పేరు గడిలో పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టాను. ఇంట్లో పటం కట్టించి తగిలిద్దామని మా అబ్బాయి అంటాడు. వద్దన్నాను. ఆయన వేరే ఎవరి తాతో అయితే? స్టూడియోవాళ్ళ మనవడికి మాత్రం బాకీ తీర్చబోయాను. "రెండున్నర ఇస్తే ఇప్పుడు టీ కూడా రాదన్నా" అని తీసుకోలేదు.

మనం పాత ఫొటో చూసి, ఎంత హుందాగా ఉండేవాళ్ళు ఆ రోజుల్లో అనుకుంటాం. ఆ హుందాతనంలో సగం అద్దెది. కరణం గారికి సొంత కోటు ఉండి ఉండొచ్చు. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యేదాకా ఊరి లెక్కలన్నీ వాళ్ళ చేతుల్లోనే ఉండేవి. ఫొటోల్లో కూడా వాళ్ళ వాటా ఎక్కువే, నా దగ్గరున్న పేర్లు తెలిసినవాటిలో మూడోవంతు వాళ్ళవే. దొనకొండ రైల్వే కాలనీ ఉద్యోగులవి, మిషన్ బడుల్లో చదివి పంతుళ్ళయినవాళ్ళవి కొన్ని. క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చిన తర్వాత ఆ మిషన్ పని కంభం, మార్కాపురం వైపు కూడా వచ్చింది కదా. చర్మం పని చేసే కుటుంబాల్లో పుట్టి, చదువుకుని, కోటు తొడుక్కుని కుర్చీలో కూర్చున్న మొదటి తరం వాళ్ళ ఫొటోలు నా దగ్గర అయిదున్నాయి. ఆ అయిదూ సొంత కోట్లే. చేతులు కుర్చీ మీద పెట్టిన తీరు చూస్తే తెలుస్తుంది, ఆ కుర్చీ వాళ్ళకు ఊరికే రాలేదు.

లేనివాళ్ళ మాట కూడా చెప్పాలి. ఆడవాళ్ళు ఒంటరిగా దిగినవి చాలా అరుదు. మొగుడు కుర్చీలో, ఆమె పక్కన నిలబడి, అంతే. నల్లమల చెంచులను హైమెన్‌డార్ఫ్ తీశాడు, ఆయన పుస్తకం 1943లో వచ్చింది. అది వాళ్ళు దిగిన ఫొటో కాదు, ఒకరు తీసిన ఫొటో. మన అవ్వల్లో చాలామందికి జీవితంలో మొదటి ఫొటో ఓటరు కార్డుది. 1993లో శేషన్ గారి పుణ్యమా అని వచ్చింది. పోయిన తర్వాత దాన్నే పెద్దది చేయించి దండ వేస్తున్నాం. ఆ చిన్న బొమ్మ పెద్దది చేస్తే ముఖం చెదిరిపోతుంది కనక స్టూడియో కుర్రాడు కంప్యూటర్లో తల మాత్రం తీసి పట్టుచీర కట్టిన ఒంటికి అతికిస్తాడు. తాతలకైతే కోటు. ఆ కంప్యూటరు కోటుకు గుండీ ఎప్పుడూ ఊడదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి. ఇది చెప్పకుండా మిమ్మల్ని ఫొటోలు తెమ్మని అడగకూడదు.

వెలిగొండ మునక ఊళ్ళలో ఇళ్ళ విలువ కట్టే పనిలో నేనూ కొన్నాళ్ళు ఉన్నాను. మీకు తెలుసు, ఎస్టిమేటు అంటే అన్నీ రాయాలి. మట్టిమిద్దె ఎన్ని చదరపు అడుగులు, దూలాలు ఎన్ని, టేకువా వేపవా, తలుపులు ఎన్ని రెక్కలు, నాపరాళ్ళు ఎన్ని, పెరట్లో చింతచెట్టు వయసెంత. అన్నింటికీ రేటు ఉంది. గోడ మీద పటాలకు రేటు లేదు, గడి లేదు. అది తప్పని కాదు, పటం ఊడదీసుకుని పోవచ్చు కదా. కానీ కొలత టేపు పట్టుకుని ప్రతి ఇంట్లో గోడ కొలిచేటప్పుడు ముందు కనిపించేది పటమే.

ఒక ఇంట్లో ఒక అవ్వ. ఆమె పెనిమిటి నలభై ఏళ్ళ కిందట పోయాడు. పటం చాలా మంచిది, కేబినెట్ కార్డు, అంచు మీద మద్రాసు స్టూడియో బంగారు అక్షరాలు. అటువంటిది నా దగ్గర ఒక్కటి లేదు. స్కాన్ చేసి తెచ్చిస్తానన్నాను. అవ్వ నా ముఖం కేసి చూసి, "ఎన్ని రోజులు నాయనా?" అంది. "వారం" అన్నాను. కొడుకు స్టూలు ఎక్కి తీసి ఇచ్చాడు. అవ్వ కొంగుతో దుమ్ము తుడిచింది.

నెల లోపల నాకు బదిలీ అయింది. సామానుతో పాటు పటం కూడా ట్రంకుపెట్టెలో వెళ్ళింది. స్కాన్ మొదటివారంలోనే అయిపోయింది. ఇవ్వడమే మిగిలింది. వచ్చే ఆదివారం, ఆ పై ఆదివారం అనుకున్నాను. వానాకాలం, పిల్లల పరీక్షలు, అన్నీ ఉంటాయి కదా. పదిహేను నెలలు.

పోయేసరికి అవ్వ లేదు. మూడు నెలలయిందట. కొడుకు కోపపడలేదు. "అమ్మ పోయిన రోజు పక్కన పెడదామని పటం వెతికినాం సార్. మీ దగ్గరుందని తర్వాత గుర్తొచ్చింది" అన్నాడు. గోడ మీద పటం ఉన్నంత మేర సున్నం తెల్లగా ఉంది, చుట్టూ పొగచూరి ఉంది. మేకు అట్లాగే ఉంది. పటం తీసుకుని దానికే తగిలించాడు. వంకరగా ఉంటే సరిచేశాడు. నాకు మజ్జిగ ఇచ్చాడు. తాగకపోతే బాగుండదని తాగాను.

అప్పటినుంచి నేను ఎవరి పటమూ గడప దాటించలేదు. స్కానరే వాళ్ళింటికి తీసుకుపోతాను. పటం దించి, స్కాన్ చేసి, మళ్ళీ నా చేతులతో తగిలించి బయటికి వస్తాను. కొనడం కూడా మానేశాను. పాత సామాన్ల అంగడిలో దొరికేది తప్ప, ఇంట్లోవాళ్ళు అమ్ముతామన్నా కొనను. ఒకసారి ఒకాయన అయిదొందలకు తాత ఫొటో అమ్ముతానన్నాడు. అయిదొందలు చేబదులుగా ఇచ్చి, ఫొటో ఆయన దగ్గరే ఉంచాను. చేబదులు తిరిగి రాలేదు, రాదని తెలుసు.

ఇంట్లో ఫొటోలు ఉన్నవాళ్ళకు రెండు మాటలు. అద్దానికి అంటుకుపోయిన ఫొటోను లాగొద్దు, ముఖం అద్దంతో పోతుంది. అద్దంతోనే స్కాన్ చేయవచ్చు. జిగురు పేజీల ఆల్బముల్లోంచి వీలైతే తీసేయండి. మన ప్రాంతం ఎండలకు బూజు భయం తక్కువే, చెదలే మనకు శత్రువు. పటానికీ గోడకూ మధ్య బిరడా ముక్కో, అట్టముక్కో పెట్టి కాస్త ఎడం ఉంచండి. ఫొటో వెనక బాల్‌పెన్నుతో రాయొద్దు, అచ్చు ముందుకు తేలుతుంది. మెత్తటి పెన్సిల్‌తో అంచున రాయండి. 'తాతయ్య' అని కాదు. ఇంటిపేరు, పేరు, ఊరు, చెప్పినవాళ్ళ పేరు.

చివరగా మన బడి సంగతి. మన గ్రూపు ఫొటోల గురించి నాకు బెంగ లేదు. అన్నింటిలో ముందు వరస పిల్లల కాళ్ళ దగ్గర పలక పెట్టి, దాని మీద తరగతి, సంవత్సరం సుద్దముక్కతో రాసి ఉంటుంది. మన పలకే. కానీ హెడ్మాస్టరు గారి గదిలో బీరువా పైన ఏడు పటాలున్నాయి, చిన్నప్పటినుంచీ చూస్తున్నాం. దెబ్బలకు చెయ్యి చాపినప్పుడు నేను వాటి వంకే చూసేవాణ్ణి. ఏడుగురూ పాత హెడ్మాస్టర్లని అందరం అనుకున్నాం. నిన్న అనుమతి తీసుకుని దించి చూశాను. నలుగురి పేర్లు కింద రాసి ఉన్నాయి. ఒకాయనను డ్రాయింగు మాస్టారు గుర్తుపట్టారు. ఇంకొకాయన మన గేటు పక్క స్థలం ఇచ్చినాయన అంటున్నారు, రూఢి కావాలి. ఏడో ఆయన ఎవరో ఎవరికీ తెలియదు. కుడివైపు చివరి పటం. ఉత్తరీయం, కళ్ళజోడు, కోటు. వెనక పేపరు ముక్క ఉంది కానీ తేదీ ఉన్న చోటే చెదలు తిన్నాయి. కోటు జేబు దగ్గర రఫ్ఫు గీత ఉందేమోనని భూతద్దం పెట్టి చూశాను. లేదు. సొంత కోటే.

ఆ పటాన్ని ఇప్పుడు సభ పక్కన బల్ల మీద పెట్టారు. టిఫిన్‌కు పోయేటప్పుడు అందరూ ఒకసారి చూడండి. డెబ్భై దాటిన అన్నలు, అక్కలు ముందు చూడండి. ఫోన్లో తీసుకుని ఇంట్లో పెద్దవాళ్ళకు పంపండి. ఎవరు ఏ పేరు చెప్పినా పక్కనున్న పుస్తకంలో రాయండి, రెండు పేర్లొచ్చినా పరవాలేదు.

ఇంటి పటాలు తెచ్చినవాళ్ళు ఏడో తరగతి బి సెక్షను గదికి రండి. స్కానరు అక్కడ పెట్టాను, మధ్యాహ్నం మూడు దాకా ఉంటాను. కరెంటు పోతే ఇన్వర్టరు ఉంది. ఒక్కోదానికి పది నిమిషాలు పడుతుంది, మీరు పక్కనే కూర్చుని మీ పటం మీరే తీసుకుపోవాలి. పెన్సిళ్ళు నేనే తెచ్చాను.